రిచర్డ్‌సన్, ఉత్తరాల నవల: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు సాహిత్యాన్ని పాఠ్యాంశంగా చదివేవాళ్లు, సొంత ఆసక్తితో పాత నవలలు పట్టుకున్నవాళ్లు శామ్యూల్ రిచర్డ్‌సన్ దగ్గరకు వచ్చేసరికి దాదాపు ఒకే సందేహాల దగ్గర ఆగిపోతున్నారు. ఎవరికి వారికి విడిగా చెప్పే బదులు జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అక్కడికే వెళ్లండి. కథల ముగింపులు దాచలేదు. ముందే తెలిసినంత మాత్రాన పాడైపోయే నవలలు కావివి.

## మొదలుపెట్టే ముందు

నవలలో నాలుగు ఉత్తరాలు కనిపిస్తే అది ఉత్తరాల నవల అయిపోతుందా?

కాదు. కథ బరువంతా ఉత్తరాలే మోయాలి. జరిగినదంతా చూసి మనకు చెప్పే కథకుడు ఇందులో ఉండడు. ఏదైనా సంగతి పాఠకుడికి తెలియాలంటే ఏదో ఒక పాత్ర దాన్ని కాగితం మీద పెట్టాలి, పెట్టనిది మనకు అందదు. డైరీ పుటలు, చీటీలు, వీలునామాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆ ఇరుకులోనే దాని బలం ఉంది. రాసే మనిషి అబద్ధమాడవచ్చు, సగం దాచవచ్చు, తనకు తెలియకుండానే తనను తాను మోసం చేసుకోవచ్చు. పైగా రేపేం జరగబోతోందో రాసే మనిషికే తెలియదు.

పరీక్షలో "ఇంగ్లీషులో తొలి నవల పమేలా" అని రాయవచ్చా?

మార్కులు పడితే పడవచ్చు కానీ చరిత్ర ఒప్పుకోదు. డీఫో రాబిన్సన్ క్రూసో 1719లోనే వచ్చింది, రిచర్డ్‌సన్ పమేలా 1740 నాటిది. ఉత్తరాల పద్ధతి కూడా రిచర్డ్‌సన్ కనిపెట్టింది కాదు. 1669లో పారిస్‌లో ఒక పోర్చుగీసు సన్యాసిని ప్రేమలేఖలంటూ ఒక చిన్న పుస్తకం వెలువడింది. జనం వాటిని చాలాకాలం నిజమైన ఉత్తరాలనే నమ్మారు. అవి ఒక ఫ్రెంచి రచయిత కల్పన అన్నది ఇప్పుడు ఎక్కువమంది పండితుల మాట. ఇంగ్లీషులో అఫ్రా బెన్ 1684, 1687 మధ్య ఒక అక్రమ ప్రేమకథను మూడు భాగాలుగా ప్రచురించింది, అందులో మొదటి భాగం దాదాపు అంతా ఉత్తరాలే.

మరి రిచర్డ్‌సన్ కొత్తగా చేసిందేమిటి? కులీనుల శృంగారానికి వాడిన పద్ధతిని తెచ్చి ఒక పనిపిల్ల చేతిలో పెట్టాడు. ఆమె జీతం, బట్టల మూట, భయం, దొంగచాటుగా సంపాదించుకున్న సిరా, ఇవన్నీ నవలకు తగిన విషయాలేనని చూపించాడు. "తొలి" అన్న మాట వాడి తీరాలంటే, ఒక మనిషి మనసులోని క్షణక్షణాన్ని ఇంత దగ్గరగా పట్టుకున్న తొలి ఇంగ్లీషు నవల అనండి, తగాదా తక్కువ.

ఆ రోజుల్లో మామూలు మనుషులు అన్ని ఉత్తరాలు రాసేవాళ్లా?

మనం అనుకునే దానికన్నా ఎక్కువే రాసేవాళ్లు. లండన్‌లో 1680లోనే నగరం లోపల ఒక పెన్నీకి ఉత్తరం చేర్చే టపా మొదలైంది. దూరపు ఊళ్లకు మాత్రం ఖర్చెక్కువ. దూరాన్ని, కాగితాల సంఖ్యను బట్టి రేటు ఉండేది, సాధారణంగా డబ్బు కట్టేది అందుకున్నవాళ్లే. బాత్ నగరానికి చెందిన రాల్ఫ్ అలెన్ 1720 నుంచి లండన్ మీదుగా తిరగనక్కరలేని అడ్డదారి టపాలు నడిపించాడు. చదువు వ్యాపించిన మధ్యతరగతిలో ఉత్తరం రాయడం ఒక మర్యాద, ఒక విద్య. పమేలా పనిపిల్ల అయినా రాయగలగడానికి నవలలోనే కారణం ఉంది. చనిపోయిన యజమానురాలు ఆమెకు రాత, లెక్కలు నేర్పించింది.

## ప్రెస్సు నడిపే మనిషి నవల రాసిన వైనం

రిచర్డ్‌సన్ ఏం చదువుకున్నాడు? అసలు ఆయన వృత్తి ఏమిటి?

1689లో డర్బీషైర్‌లో పుట్టాడు. తండ్రి వడ్రంగి. కొడుకును మతగురువును చేయాలనుకున్నాడు కానీ అంత చదువు చెప్పించే స్తోమత లేకపోయింది. 1706లో లండన్‌లో జాన్ వైల్డ్ అనే ముద్రాపకుడి దగ్గర ఏడేళ్ల శిష్యరికానికి చేరాడు. తర్వాత సొంత ప్రెస్సు పెట్టి, ఫ్లీట్ స్ట్రీట్ పక్కన సాలిస్‌బరీ కోర్టులో స్థిరపడి, పార్లమెంటు దిగువ సభ కాగితాలు అచ్చువేసే స్థాయికి ఎదిగాడు. 1754లో ముద్రాపకుల, పుస్తక వ్యాపారుల సంఘమైన స్టేషనర్స్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. యజమాని కూతురు మార్తాను పెళ్లాడాడు. ఆమెకు పుట్టిన ఆరుగురు పిల్లల్లో ఒక్కరూ దక్కలేదు, 1731లో ఆమే పోయింది. రెండో భార్య ఎలిజబెత్‌కు పుట్టినవాళ్లలో నలుగురు కూతుళ్లు బతికారు. తొలి నవల వెలువడేటప్పటికి ఆయన వయసు 51. గ్రీకు, లాటిన్ రాని ఈ వ్యాపారస్థుణ్ని విద్యాధికులు కొందరు చివరిదాకా చిన్నచూపే చూశారు.

ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకం రాయబోయి నవల రాశాడట, నిజమేనా?

నిజమే, ఆయనే చెప్పుకున్నాడు. చార్లెస్ రివింగ్టన్, జాన్ ఆస్బోర్న్ అనే ఇద్దరు పుస్తక వ్యాపారులు, పల్లెల్లోని మామూలు పాఠకులకు పనికొచ్చేలా నమూనా ఉత్తరాల పుస్తకం ఒకటి రాసిపెట్టమని అడిగారు. అప్పు అడగడం, సంబంధం ఖాయం చేసుకోవడం, కొడుకును మందలించడం, ఇలా సందర్భానికొక ఉత్తరం. అందులో పనిలో ఉన్న కూతురికి తండ్రి రాసే ఉత్తరం ఒకటి వచ్చింది: యజమాని నీ మీద కన్నేశాడని విన్నాను, వెంటనే ఇంటికి వచ్చేయి అని. దాని కింద కూతురి జవాబు. అక్కడ ఆయన కలం ఆగింది. ఎప్పుడో విన్న ఇలాంటి ఒక కథ గుర్తొచ్చి, నమూనాల పుస్తకం పక్కన పెట్టి, 1739 నవంబరు 10న మొదలుపెట్టి 1740 జనవరి 10కల్లా పమేలా రెండు సంపుటాలూ పూర్తిచేశాడు. వదిలేసిన నమూనాల పుస్తకం 1741 జనవరిలో బయటికి వచ్చింది, ఆ తండ్రీకూతుళ్ల ఉత్తరాలు అందులో అలాగే ఉన్నాయి.

ఆడవాళ్ల మనసు ఈయనకు ఎలా తెలిసింది?

పదమూడేళ్లు కూడా నిండని వయసులో ఊళ్లోని ముగ్గురు యువతులు ఒకరికి తెలియకుండా ఒకరు ఈయన చేత తమ ప్రియులకు జవాబులు రాయించుకునేవారట. పైకి కోపంగా మందలించమని చెప్పేటప్పుడే వాళ్ల మనసు ఎటు మొగ్గుతోందో ఆ కుర్రాడికి తెలుస్తూ ఉండేది. ముసలితనంలో తన డచ్చి అనువాదకుడికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పాడు. అంతకు ముందే, పదకొండేళ్లప్పుడు, చాడీలు చెప్పే ఒక వితంతువుకు బైబిలు వాక్యాలతో నీతిబోధ చేస్తూ ఉత్తరం రాశాడు. ఆమె చేతిరాత గుర్తుపట్టి తల్లికి ఫిర్యాదు చేసింది! ఆడవాళ్ల రహస్యాలు వినే చెవి, పెద్దవాళ్లకు బుద్ధులు చెప్పే దురద, రెండూ ఆయన నవలల్లో చివరిదాకా కనిపిస్తాయి.

సొంత ప్రెస్సు ఉండటం వల్ల రచనకు కలిగిన లాభం ఏమైనా ఉందా?

చాలా ఉంది. అచ్చు పుట ఎలా కనిపించాలో కూడా ఆయనే నిర్ణయించుకోగలిగాడు. తర్వాత రాసిన క్లారిస్సా నవలలో మతి చలించిన కథానాయిక రాసి చించిపారేసిన కాగితాల్లో ఒకదాన్ని, పద్యపాదాలు అంచుల వెంట అడ్డదిడ్డంగా పడేలా కంపోజ్ చేయించాడు. ఒకచోట మడతపెట్టిన సంగీత స్వరలిపి పుటను ప్రత్యేకంగా చెక్కించి కుట్టించాడు. ఆ గేయం ఎలిజబెత్ కార్టర్ అనే కవయిత్రిది, అడగకుండా వాడుకున్నందుకు ఆమె అభ్యంతరం చెప్పింది కూడా. ప్రతి కొత్త ముద్రణకూ మాటలు మార్చడం, అడుగున టిప్పణులు చేర్చడం ఆయనకు ఒక వ్యసనంలా తయారైంది. వేరే ప్రెస్సులో అచ్చు వేయించుకునే రచయితకు ఇంత వెసులుబాటు ఉండదు.

## పమేలా చదివేటప్పుడు

కథ క్లుప్తంగా చెబుతారా?

పదిహేనేళ్ల పమేలా ఆండ్రూస్ ఒక ధనికుల ఇంట్లో పనిపిల్ల. యజమానురాలు చనిపోయాక ఆమె కొడుకు, నవలలో మిస్టర్ బి అన్న పొడి అక్షరంతో మాత్రమే కనిపించేవాడు, పమేలా వెంటపడతాడు. లొంగకపోతే మోసంతో లింకన్‌షైర్‌లోని మరో ఇంటికి చేర్చి బందీని చేస్తాడు. ఆమె రాసుకున్న కాగితాలు అతని చేతికి చిక్కుతాయి. అవి చదివి అతని మనసు మారుతుంది, పెళ్లి చేసుకుంటాడు.

బందీగా ఉన్నప్పుడు ఉత్తరాలు పంపే దారే లేదు కదా, మరి నవల ఎలా నడిచింది?

నవల రసవత్తరంగా మారేది అక్కడే. పంపలేని ఉత్తరాలు డైరీ అయిపోతాయి. ఎప్పటికైనా అమ్మానాన్నలకు చేరతాయన్న ఆశతో ఆమె రాస్తూనే ఉంటుంది. రాత సరంజామాను ఎలా దాచుకుందో చూడండి: ఒక కలం ఇక్కడ, ఒకటి అక్కడ, పగిలిన పింగాణీ కప్పులో కొంచెం సిరా, మరో కప్పులో ఇంకొంచెం, బట్టల మడతల మధ్య ఒక్కో కాగితం, సోదా చేస్తే అన్నీ ఒకేసారి పోకుండా అక్కడక్కడ కాస్త లక్క. తోటలో పొద్దుతిరుగుడు మొక్క దగ్గర రెండు పెంకుల మధ్య చీటీలు పెట్టి, తనకు సాయపడే పాస్టరుకు చేరవేస్తుంది. రాసిన కాగితాల కట్టలను లోపలి పావడాకు నడుము చుట్టూ కుట్టేసుకుంటుంది. వాటి కోసం బట్టలు విప్పించి వెతుకుతానని యజమాని బెదిరిస్తాడు.

ఇక్కడ కాగితం, శరీరం ఒకటైపోయాయి. ఆమెను చెరపట్టలేని మనిషి ఆమె రాతనైనా చెరపట్టాలని చూస్తున్నాడు. ఈ ఒక్క ఘట్టం అర్థమైతే ఉత్తరాల పద్ధతి పైపై సోకు కాదని తెలిసిపోతుంది.

ముంచుకొచ్చే ఆపద మధ్య కూర్చుని పేజీలకు పేజీలు రాయడం నమ్మేలా ఉందా?

లేదు, నమ్మాలని పట్టుబట్టకండి. జరుగుతున్న క్షణానికి కలాన్ని వీలైనంత దగ్గరగా తేవడం రిచర్డ్‌సన్ ఎత్తుగడ. "అడుగుల చప్పుడు వినిపిస్తోంది, ఆపేస్తున్నాను" అన్న తరహా వాక్యాలు అందుకే. మనసు ఇంకా కుదుటపడనప్పటి మాటలు అవి, తర్వాత తీరిగ్గా రాసుకున్న ఆత్మకథలో దొరకవు. దీన్ని వెక్కిరించడం ఎంత తేలికో హెన్రీ ఫీల్డింగ్ వెంటనే చూపించాడు. 1741 ఏప్రిల్‌లో మారుపేరుతో వచ్చిన షామెలాలో కథానాయిక పక్క మీద పడుకునే, యజమాని తలుపు తోసుకుని లోపలికి వస్తున్నాడని రాస్తూ, చూశారా, వర్తమాన కాలంలోనే రాస్తున్నాను అని గుర్తుచేస్తుంది.

చెరపట్టబోయిన వాణ్నే పెళ్లాడటం ఏం నీతి?

ఈ ప్రశ్న 1741లోనే లేచింది. "శీలానికి దక్కిన బహుమానం" అని పుస్తకానికి ఉపశీర్షిక, ఆ బహుమానం వేధించినవాడితో పెళ్లి! ఆ పిల్ల అమాయకురాలు కాదు, మంచి బేరం కోసం బెట్టు చేసిందని ఫీల్డింగ్, ఎలైజా హేవుడ్ లాంటివాళ్లు వ్యంగ్య రచనలు చేశారు. నా మటుకు ఆ వెక్కిరింత అన్యాయంగా తోస్తుంది. ఏ రక్షణా లేని పనిపిల్లకు కాదనే హక్కు ఉందని, రాజకుమారి ఆత్మ ఎంతో తన ఆత్మా అంతేనని ఆమె చేత అనిపించడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. అయినా చివరి మూడో వంతు, పెళ్లయ్యాక భర్త విధించే నియమాల జాబితాను ఆమె వినయంగా రాసుకోవడం, ఇప్పుడు చదివితే ఒళ్లు మండుతుంది. మండటం తప్పు కాదు.

నిజంగా అంత ప్రచారం పొందిందా?

పొందింది. ఏడాది తిరక్కుండానే అయిదు ముద్రణలు పడ్డాయి. జోసెఫ్ హైమోర్ కథలోని ఘట్టాలను పన్నెండు తైలవర్ణ చిత్రాలుగా వేశాడు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చువేశాడు. ఫ్రెంచి అనువాదాన్ని 1744లో వాటికన్ నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది. పమేలా పెళ్లి ఘట్టం చదివి ఒక ఊళ్లో చర్చి గంటలు మోగించారని ఒక కథ చెప్పుకుంటారు. ఊరి పేరు చెప్పేవాళ్లను బట్టి మారుతుంటుంది కాబట్టి దాన్ని కథగానే ఉంచుదాం.

## క్లారిస్సాలోకి దిగాక

క్లారిస్సా ఎందుకంత పెద్దది? కుదించిన ప్రతి చదివితే చాలదా?

మొదటి ముద్రణలో 537 ఉత్తరాలు, దాదాపు పది లక్షల మాటలు, ఏడు సంపుటాలు. 1747 డిసెంబరు నుంచి 1748 డిసెంబరు వరకు మూడు విడతలుగా వచ్చాయి. కథ మాత్రం చిన్నది. హార్లో కుటుంబం తమ కూతురు క్లారిస్సాను సోమ్స్ అనే అసహ్యుడికి కట్టబెట్టబోతుంది. తప్పించుకునే దారి వెతుకుతూ ఆమె లవ్‌లేస్ అనే మాటకారి దుర్మార్గుడి వలలో పడుతుంది. అతను ఆమెకు మత్తుమందిచ్చి అత్యాచారం చేస్తాడు. పెళ్లితో సరిపెట్టుకోమని అందరూ చెప్పినా ఆమె ఒప్పుకోదు, క్షీణించి చనిపోతుంది. లవ్‌లేస్ ద్వంద్వయుద్ధంలో చస్తాడు.

కథ కోసం రిచర్డ్‌సన్‌ను చదివితే విసుగెత్తి ఉరేసుకుంటారని, చదవాల్సింది అందులోని భావం కోసమని డాక్టర్ జాన్సన్ అన్నాడు. కుదించిన ప్రతిలో మిగిలేది కథే. ఊపిరాడని ఆ ఇంటి ఒత్తిడి, ఒకే మాటను నలుగురు నాలుగు రకాలుగా తిప్పిచెప్పడం పోతాయి. ఓపిక లేకపోతే కుదింపు కన్నా మొదటి రెండు సంపుటాలు పూర్తిగా చదివి ఆపేయడం మేలు.

నలుగురు రాయడం వల్ల ఒరిగిందేమిటి?

పమేలాలో దాదాపు అంతా ఒకే గొంతు. ఇక్కడ క్లారిస్సా తన స్నేహితురాలు ఆనా హౌకు, లవ్‌లేస్ తన స్నేహితుడు బెల్‌ఫర్డ్‌కు రాస్తారు. ఒకే సాయంత్రాన్ని ఆమె ఆశతో రాసుకుంటే, తర్వాతి ఉత్తరంలో అదే సాయంత్రం అతను పన్నిన పన్నాగమని తెలుస్తుంది. మనకు తెలుసు, ఆమెకు తెలియదు, చెప్పే వీలు లేదు.

ఉత్తరాలే కథలో ఆయుధాలు కూడా. లవ్‌లేస్ దారిలో కాజేస్తాడు, ఆనా చేతిరాతను అనుకరించి దొంగ ఉత్తరాలు సృష్టిస్తాడు. ఆనా లవ్‌లేస్ గురించి రాసిన ఒక ఉత్తరం అతనికి చేజిక్కినప్పుడు, పగ తీర్చుకోవాల్సిన ప్రతి వాక్యం పక్కనా వేలు చూపే చేతి గుర్తు పెడతాడు. మొదటి ముద్రణలో ఆ చేతులన్నీ పుట అంచున వరుసగా అచ్చయ్యాయి. మరొకరికి రాసిన ఉత్తరాన్ని అతని భుజం మీదుగా మనమూ దొంగతనంగా చదువుతున్నట్టే.

అత్యాచారం జరిగిన చోట ఉత్తరమే కనిపించదే?

ఉంది, కొద్ది వాక్యాలే. ఇక ముందుకు పోలేను, అయిపోయింది, క్లారిస్సా బతికే ఉంది అన్న ధోరణిలో లవ్‌లేస్ రాసి ముగిస్తాడు. అంతవరకు పేజీల కొద్దీ వాగిన మనిషికి మాటలు అడుగంటాయి. క్లారిస్సా వైపు నుంచి వచ్చేవి చిరిగిన కాగితపు ముక్కలు. జరిగింది ఆమె సొంత మాటల్లో చాలా ఉత్తరాల తర్వాత గానీ తెలియదు. ఆ ఆలస్యం నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా బలంగా తగిలే చోటు.

పాఠకులు ముగింపు మార్చమని బతిమాలారట?

బతిమాలారు. సంపుటాల మధ్య నెలల ఎడం ఉండటంతో, క్లారిస్సా చనిపోబోతోందన్న వార్త ముందే పొక్కింది. వారపత్రికల్లో సీరియల్ కోసం ఎదురుచూసిన మన ముందు తరానికి ఈ ఆరాటం బాగా తెలుసు. లాంకషైర్‌కు చెందిన లేడీ బ్రాడ్‌షే మారుపేరుతో ఉత్తరాలు రాసి, లవ్‌లేస్‌ను మార్చి ఇద్దరికీ పెళ్లి చేయమని వేడుకుంది. రిచర్డ్‌సన్ వినలేదు కానీ ఆమెతో ఉత్తరాలు మాత్రం జీవితాంతం సాగించాడు. పార్కులో తనను గుర్తుపట్టడానికి వీలుగా తన పొట్టి శరీరాన్ని, విగ్గును, నడకను వర్ణిస్తూ రాసి పంపాడు. అయిదో సంపుటం చదివి కదిలిపోయి మెచ్చుకుంటూ ఉత్తరం రాసినవాళ్లలో పమేలాను వెక్కిరించిన ఫీల్డింగ్ కూడా ఉన్నాడు.

నాకు లవ్‌లేస్ నచ్చాడు. తప్పా?

మీరొక్కరే కాదు. రచయితకే ఇది పెద్ద తలనొప్పి అయింది. దుర్మార్గుడి నోటికి అంత చమత్కారం ఇచ్చి, కథకుడిగా మధ్యలో దూరి ఖండించే దారి లేకుండా చేసుకున్నది ఆయనే. తర్వాతి ముద్రణల్లో విషయసూచిక చేర్చి, టిప్పణులు పెట్టి, 1751 నాటి మూడో ముద్రణలో కొత్త భాగాలు జోడించి పాఠకుణ్ని దారిలో పెట్టాలని చూశాడు. ఉత్తరాల నవలలో తీర్పు పాఠకుడి చేతిలోకి పోతుంది, మళ్లీ లాక్కోవడం రచయిత వల్ల కాదు.

సర్ చార్లెస్ గ్రాండిసన్ కూడా చదవాలా?

తొందరేం లేదు. 1753, 1754లో వచ్చిన ఈ ఏడు సంపుటాల నవలలో నాయకుడు మరీ మంచివాడు, అదే చిక్కు. జేన్ ఆస్టిన్‌కు మాత్రం ఇది ప్రాణం.

## ఆ తర్వాత

ఇంగ్లండు దాటి ప్రభావం చూపిందా?

ఇంగ్లండులో కన్నా యూరప్‌లోనే ఎక్కువేమో. ప్రెవో 1751లో క్లారిస్సాను ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1761లో రిచర్డ్‌సన్ చనిపోయాక ఫ్రెంచి తత్వవేత్త దిదెరో ఆయన మీద రాసిన ప్రశంస పూనకం వచ్చినట్టు ఉంటుంది. అదే ఏడాది రూసో జూలీ, 1774లో గోథే వెర్థర్, 1782లో లాక్లో నవల, అన్నీ ఉత్తరాలే. లాక్లో నవలలో కుట్రదారులు ఉత్తరాన్ని కత్తిలా వాడే తీరులో లవ్‌లేస్ వారసత్వం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంత వెలిగిన పద్ధతి ఎందుకు వెనకబడింది?

పాత్ర మనసులోకి దూరడానికి ఉత్తరం అవసరం లేదని తెలిసిపోయింది. బయటి కథకుడి వాక్యంలోనే పాత్ర ఆలోచన వినిపించే పద్ధతిని జేన్ ఆస్టిన్ చక్కగా సాధించింది. ఆమె కూడా మొదట ఉత్తరాలతోనే ప్రయోగాలు చేసింది. లేడీ సూసన్ చివర విసుగెత్తి, ఈ ఉత్తరాలు ఇక సాగవు, తపాలా శాఖ ఆదాయానికి నష్టమే అంటూ కథకురాలిగా దూరి ముగించేస్తుంది. పద్ధతి అయితే చావలేదు. 1897 నాటి డ్రాక్యులా డైరీలు, ఉత్తరాలు, తంతివార్తలతో నడుస్తుంది. ఆలిస్ వాకర్ 1982 నవల ది కలర్ పర్పుల్‌లో ఒక అమ్మాయి దేవుడికి ఉత్తరాలు రాస్తుంది.

తెలుగు నవలకు రిచర్డ్‌సన్‌తో సంబంధం ఉందా?

నేరుగా చూపించదగ్గది లేదు. సన్నని దారం ఒకటుంది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ లండన్‌కు వచ్చిన కొత్తలో పొట్టకూటికి రిచర్డ్‌సన్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ప్రేరణతో కందుకూరి వీరేశలింగం 1878లో వివేకవర్ధనిలో రాజశేఖర చరిత్రము ప్రకటించాడు. రెండూ ఉత్తరాల నవలలు కావు కాబట్టి దీన్ని పరంపరగా చెప్పకండి, ముచ్చటగా చెప్పుకోండి.

ఏ ప్రతి కొనాలి? ఎలా చదవాలి?

పమేలాకు ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ 1740 నాటి పాఠాన్ని ఇస్తుంది, పెంగ్విన్ ప్రతి రచయిత దిద్దుకున్న తర్వాతి పాఠం. మొదటిసారి చదివేవాళ్లకు మొరటుదనం ఇంకా పోని 1740 పాఠమే మంచిది. క్లారిస్సాకు ఆంగస్ రాస్ సంపాదకత్వంలో పెంగ్విన్ వేసిన మొదటి ముద్రణ పాఠం తీసుకోండి, పుస్తకం ఇటుకలా ఉంటుంది, బల్ల మీద పెట్టుకునే చదవాలి. డబ్బు పెట్టలేనివాళ్లకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో రెండూ ఉచితం. క్లారిస్సాలో తొలి ఉత్తరం జనవరి 10 నాటిది, చివరిది డిసెంబరు 18 నాటిది. ఏ ఉత్తరాన్ని ఆ తేదీనే చదువుతూ ఏడాదంతా నడిపేవాళ్లున్నారు. అలా పెట్టుకుంటే మార్చి నుంచి ఆగస్టు వరకు రోజూ కాస్త ఎక్కువ సమయం ఉంచుకోండి, ఆ నెలల్లో ఉత్తరాలు గుట్టలుగా వచ్చిపడతాయి.